మూడో నొక్కు

పీటర్‌హెడ్ చేపల రేవులో
తెల్లవారుజాము నాలుగింటికి
అందరూ చేతులకి రెండేసి గ్లౌజులు తొడుక్కుంటారు.
నేను ఒక చేతివి విప్పేసి
మంచు పెట్టెలోకి మోచేయిదాకా దించుతాను.
"ఏం పోగొట్టుకున్నావ్ మోరాగ్, ఉంగరమా?"
అంటాడు ఫోర్‌మన్ గ్రెగర్.
అవునంటాను.
వెతుకుతున్నట్టు ఇంకాసేపు ఉంచుతాను.

ఛాతీలోంచి మొదలవుతుంది.
ఎవరో లోపల పొయ్యి రాజేసి
ఊదుడుగొట్టం మెడ కింద పెట్టి ఊదినట్టు
చెవులదాకా ఎర్రబడిపోతాను.
రెండు నిమిషాలు. అంతే.
ఆ తర్వాత చెమట చల్లారి వణుకు.
రబ్బరు ఏప్రన్ లోపల నాదో సొంత వాతావరణం,
ఉత్తర సముద్రానికి దానితో సంబంధం లేదు.

అదైతే ఓర్చుకున్నాను.
ముప్పైయొక్క ఏళ్లుగా కోస్తున్న చేపని
బల్లమీద పెట్టుకుని, కత్తి పట్టుకుని
దాని పేరు గుర్తురాక నిలబడిపోయిన రోజు మాత్రం
డాక్టరుకి ఫోన్ చేశాను.
రెక్క పైన నల్లటి బొటనవేలి ముద్ర,
ఒంటి పొడుగునా నల్లగీత.
అన్నీ తెలుసు. పేరొక్కటే లేదు.

డాక్టర్ ఒకాఫోర్ చిన్నపిల్ల.
"అందరికీ సరిపోయే మందంటూ లేదండీ,
మీకు సరిపోయేది వెతకాలి" అంది
చెప్పుల కొట్లో అమ్మాయిలా.
వెతికాం.

మొదట మాత్రలు.
రొమ్ములు సలిపి, మెట్లు దిగాలంటే
చేతులతో పట్టుకోవాల్సి వచ్చేది.
తల ఒకపక్క పగిలిపోతూ
కళ్లముందు రంపపు పళ్ల వెలుగులు.
అవి మాన్పించింది.
తర్వాత నడుం కింద అంటించే పట్టీలు.
ఒకటి చెమటకి ఊడి గమ్‌బూటులో దొరికింది.
ఇంకొకటి దొరకనే లేదు,
ఏబర్డీన్‌లో ఎవరి పళ్లెంలోకి చేరిందో దేవుడికెరుక.
అతుక్కున్నవేమో తమ ఆకారం చెక్కుచెదరకుండా
దద్దురు మిగిల్చి పోయాయి.
సరే, వాటికీ అలవాటు పడదామనుకునేసరికి
మందులషాపులో సరుకు లేదు.
"వచ్చేవారం" అన్నాడు.
వచ్చేవారం వెళితే "వచ్చేవారం" అన్నాడు.
ప్యాకింగ్‌లో పనిచేసే బియాటా
లాకరు గదిలో తన పెట్టెలోంచి రెండు తీసి
సిగరెట్లు ఇచ్చినట్టు ఇచ్చింది.
తీసుకోకూడదని తెలుసు.
తీసుకున్నాను.

ఇప్పుడు జెల్. తొడమీద రెండు నొక్కులు.
ఆరేదాకా అయిదు నిమిషాలు
స్నానాల తొట్టి అంచున ఒంటికాలి కొంగని.
రాత్రికి ఓ గుండ్రటి గొట్టపు మాత్ర.
అది మింగితే మా ఆయన మాట మధ్యలో ఉండగానే నిద్ర.
దాన్ని లాభం కింద రాసుకున్నాను.
నడుమ ఓసారి నెత్తుటి మరక కనబడి
స్కాన్ గదిలో పైకప్పు పలకలు లెక్కపెట్టిన పొద్దు ఒకటుంది.
నలభైరెండు.
ఏమీ లేదన్నారు.
డిసెంబర్‌లో డాక్టరు మూడో నొక్కు కలిపింది.

నాలుగు వారాలయ్యాక
నేను గ్లౌజు విప్పడం లేదని
నేను గమనించలేదు. గ్రెగర్ గమనించాడు.
"ఉంగరం దొరికిందా ఏం?"

మా అమ్మ జనవరిలో కూడా
పడకగది కిటికీ తెరిచి పడుకునేది.
నాన్న ఉన్ని టోపీతో పడుకునేవాడు.
అదేదో వాళ్లిద్దరి ముచ్చటని నవ్వుకునేవాళ్లం.
ఒక ఏడాదంతా అమ్మ పెద్దగా మాట్లాడలేదు.
ఆ ఏడాది మాకు లెక్కలోకే రాలేదు.
చెప్పుకోడానికి దాని పేరు గుర్తురాలేదో,
పేరంటూ ఒకటుందని
ఆమెకి ఎవరూ చెప్పనే లేదో.

నిన్న బల్లమీద పెట్టె కుమ్మరించారు.
నల్లటి బొటనవేలి ముద్ర.
"హాడాక్" అన్నాను పైకే,
ఎవరూ అడక్కపోయినా.
బియాటా తలెత్తి చూసింది, అయితే ఏంటన్నట్టు.
ఏమీ లేదు.

రాత్రి కిటికీ మూసి పడుకున్నాను.
మూడింటికి లేచి
ఒక బెత్తెడు తెరిచాను.